సగం దెబ్బ ఒప్పుకోని ఆంటీ

ఆంటీ సంస్మరణ కూడికలో ఏడుగురు మాట్లాడారు. వాళ్లలో నలుగురు ఆవిడ చీమకైనా హాని చేయని మనిషి అన్నారు. ఐదో ఆయన, అమెరికా అర్కాన్సాలోని బెంటన్‌విల్ తెలుగు చర్చి పెద్ద, ఇంకో అడుగు ముందుకేసి గొర్రెపిల్లలాంటి సాత్విక స్వభావం అన్నారు. నేను వెనక వరుసలో బిర్యానీ ట్రేలకు కాపలాగా ఉన్నాను కాబట్టి లేచి అభ్యంతరం చెప్పే వీలు లేకపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

ఆంటీ విల్లుతో అడవి టర్కీ కోళ్లను వేటాడేది. చంపేది, ఈకలు పీకేది, వండేది, ఆ కూర తెచ్చి ఇదే చర్చిలో ఇదే జనానికి వడ్డించేది. సాత్వికమన్న పెద్దాయన రెండుసార్లు వడ్డించుకోవడం నా కళ్లతో చూశాను. చీమల విషయంలో ఆవిడ వైఖరేమిటో నాకు తెలియదు. చచ్చిపోయిన మనిషిని పట్టుకుని బతికుండగా లేని మంచితనం అంటగడితే మాత్రం ఆవిడ ఊరుకునేది కాదు. ఆవిడ ఇప్పుడు ఊరుకోక తప్పదు. నాకు ఆ ఇబ్బంది లేదు.

నేను ఆ చర్చి మనిషిని కాను. మా ఇంట్లో దేవుడి అలమర వేరే. ఆఫీసులో ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్టు మీద ఉన్న ఒంటరిదాన్ని. ఆదివారం ఆరాధన తర్వాత అక్కడ పెట్టే ప్రేమవిందు కోసం వెళ్లేదాన్ని. వాళ్లకీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు వరుస చివర్లో ఒక స్టీలు గిన్నెలో నల్లగా ఏదో కూర ఉంది. అందరూ దాన్ని దాటి పనీర్ దగ్గరకు పోతున్నారు. నేను వేసుకున్నాను. మళ్లీ వెళ్లి వేసుకున్నాను. రెండోసారి వచ్చి కూర్చునేసరికి నా ఎదురుగా ఒక పొట్టి మనిషి చేతులు కట్టుకుని కూర్చుంది.

"అదేంటో తెలుసా?"

చికెన్ అన్నాను.

"కాదు. నేను చంపాను," అంది, వంటల పోటీలో గెలిచినట్టు.

అలా పరిచయం. బాపట్ల వైపు మనిషి. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సు. అంతకు మించి ఆవిడ చరిత్ర నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడిగితే "నీకెందుకే, పెళ్లి సంబంధమా?" అనేది. తనతో పనిచేసే ఒక నర్సు తండ్రికి ఊరి బయట పొలమూ దాని వెనక కొంత అడవీ ఉన్నాయి. ఆ ముసలాయనే ఆవిడకు విల్లు పట్టుకోవడం నేర్పాడు.

ఆవిడ వేట దుస్తులు ఇస్త్రీ చేసుకునేది. ఆకులూ కొమ్మలూ అచ్చు వేసిన ఆ ప్యాంటుకు కత్తిలాంటి మడత. ఆకుల్లో కలిసిపోవడానికి వేసుకునే బట్టలకు ఇస్త్రీ ఎందుకు ఆంటీ, ఏ చెట్టుకూ మడత ఉండదు కదా అంటే, "కోడి చూస్తే చూడనీ, నలిగిన బట్టల్లో చూడకూడదు," అనేది. ఫోన్ ఎత్తితే హలో ఉండదు, "చెప్పు, తొందరగా" ఉంటుంది. సగం కప్పు టీ పోస్తే వెనక్కి నెట్టేది. వస్తానేమో, చూస్తాను అని మెసేజ్ పెడితే ఫోన్ చేసి మరీ వస్తావా రావా తేల్చమనేది. పిల్లల పుట్టినరోజు ఆహ్వానాల్లో "మేబీ" అని నొక్కే జనాభా మొత్తం మీద ఆవిడకు కోపం. ఇంత పట్టుదల ఉన్న మనిషి గరాజ్ గోడ మాత్రం మూడేళ్లుగా సగమే రంగు వేసి ఉంది. ఎందుకని అడిగాను. రంగు అయిపోయిందట. కొనుక్కోవచ్చు కదా అన్నాను. ఆ తర్వాత వారం రోజులు నాకు కూర రాలేదు.

పలక పట్టుకుంటే మాత్రం వేరే మనిషి అయ్యేది. టర్కీ పెట్టలా కూయడానికి గుండ్రటి చిన్న పలక, దాని మీద గీయడానికి ఒక పుల్ల ఉంటాయి. సరిగ్గా గీస్తే పెట్ట పిలిచినట్టే ఉంటుంది. చిన్నప్పుడు పలక మీద కీచుమని గీసినందుకు టీచరు వేళ్ల మీద కొట్టిందనీ, ఆ టీచరు ఒక్కసారి అర్కాన్సా వచ్చి చూడాలనీ అంటూ గీసేది. ఎర్ర లైటు దగ్గర కారు ఆగితే గీసేది. పక్క కారువాళ్లు అద్దాలు ఎత్తుకునేవారు.

అసలు కథ ఒక ఏప్రిల్ ఆదివారం మొదలైంది. ఆరాధన చివర్లో పాస్టర్ గారు ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఒకరు వీసా పొడిగింపు కోసం, ఒకరు అత్తగారి వీసా ఇంటర్వ్యూ కోసం, ఒకరు పిల్లాడి పరీక్ష కోసం అడిగారు. ఆంటీ లేచి నిలబడింది. శుక్రవారం పొద్దున ఒక టర్కీని కొట్టాననీ, బాణం తగిలింది కానీ అది చావలేదనీ, రెక్క దగ్గర గాయంతో పారిపోయిందనీ, నిన్న సాయంత్రం దాకా వెతికినా దొరకలేదనీ చెప్పింది. అది కోలుకోవాలనో, లేదా తొందరగా పోవాలనో, ఏదో ఒకటి ప్రార్థించమంది.

పాస్టర్ గారు కుర్రాడు, వారమంతా సాఫ్ట్‌వేర్ రాసి ఆదివారం వాక్యం చెప్పే మనిషి. ఆయనకు ఏ శిక్షణలోనూ ఇది చెప్పి ఉండరు. కళ్లు మూసుకుని సమస్త జీవరాశుల మీదా కనికరం చూపమని ప్రార్థించి వీసాల్లోకి వెళ్లిపోయారు.

భోజనాల దగ్గర చర్చి పెద్ద నవ్వు ఆపుకోలేకపోయారు. "చెల్లెమ్మా, వెళ్లిందే చంపడానికి. మళ్లీ దానికి ప్రార్థనేంటి?"

"చంపడానికే వెళ్లాను అన్నయ్యా," అంది ఆంటీ. "సగం చంపడానికి వెళ్లలేదు."

ఆయన ఆ మాటను జోకు కింద జమకట్టి ఊరంతా పంచారు. ఆవిడ జోకు వేయలేదని ఆ గదిలో బహుశా నాకొక్కదానికే అర్థమైంది. నేను జోకులు వేస్తాను కాబట్టి, జోకు కానిదేదో తెలుస్తుంది.

ఆ చలికాలం ఆవిడ కుడి భుజం పోయింది. ఏళ్ల తరబడి ముసలివాళ్లను మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తి ఎత్తి లోపలి కండరం చిరిగింది. ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత విల్లు ముట్టుకోవద్దనీ డాక్టర్ చెప్పాడు. మే నెలలో చేయించుకుంటాను, తేదీ మాత్రం ఇప్పుడు ఖాయం చేయను అంది ఆంటీ. క్లినిక్ వాళ్లు వారం వారం ఫోన్ చేసేవారు. "ఏప్రిల్ కానీయండి" అని పెట్టేసేది. అంటే ఆవిడకు మిగిలింది ఒక్క సీజన్. అందులో మరో కోడి కావాలని కాదు ఆవిడ తాపత్రయం. ఫ్రీజర్ నిండా కోడే ఉంది. గాయంతో పారిపోయిన ఆ పక్షి తన విల్లుకు ఆఖరిది కాకూడదు, అంతే. దాంతో ముగించడం ఆవిడకు ఇష్టం లేదు.

అందుకని ముందు బాణం మొనల సంగతి తేల్చాలంది. విల్లుల దుకాణానికి నన్ను తీసుకెళ్లింది, బరువులు మోయడానికి. దుకాణంవాడు మంచివాడే. ఆవిడ భుజం చూసి క్రాస్‌బో తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని లాగి పట్టుకోనక్కర్లేదు, బిగించి ఉంటుంది, గురి చూసి మీట నొక్కడమే. చర్చి పెద్ద కూడా సరిగ్గా అదే సలహా ఇచ్చి ఉన్నారు, నొక్కితే చాలు చెల్లెమ్మా అని. ఆంటీ దాన్ని పక్కకు జరిపి మొనలు చూపించమంది. అతను వదల్లేదు. కారణం అడిగాడు. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. లాగి పట్టుకోలేని రోజు నాకు కొట్టే హక్కు లేదు, నా చెయ్యే నాకు లైసెన్సు, దీనికి చెయ్యితో పని లేదు. అతను తలూపి మొనల డబ్బాలు తెచ్చాడు. నేను అతన్ని వెంటనే మెచ్చుకున్నాను. మా ఆఫీసులో ఇంత తొందరగా ఎవరూ విషయం వదిలేయరు.

ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద అరలున్న స్టీలు కంచంలో మొనలు సర్దింది. అన్నం ఉండాల్సిన చోట ఒకటి, కూరల చోట రెండు.

"ఇది పోయినేటిది," అంది ఒకటి తీసి. సన్నగా అమాయకంగా ఉంది. బ్లేడ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, తగలగానే విచ్చుకుంటాయి. బలమైన విల్లుకు బాగానే పనిచేస్తుంది. ఆవిడది తేలిక విల్లు, దాని బలంలో చాలా భాగం ఆ బ్లేడ్లు తెరవడానికే ఖర్చయిపోయింది. రెక్క ఎముక తగిలేసరికి లోపలికి దిగడానికి బాణంలో ఏమీ మిగల్లేదు. "డబ్బా మీద పెద్ద గాయం చేస్తుందని రాశాడు. చేసింది. గాయమే చేసింది."

రెండోది బ్లేడ్లు కదలకుండా బిగించిన మొన. తెరుచుకునే పని లేదు కాబట్టి తేలిక విల్లుతో కూడా లోతుగా దిగుతుంది. నాకది నచ్చింది. ఆంటీకీ నచ్చింది, కానీ దాన్ని రొమ్ముకు గురిపెట్టాలి. ఈకల మూట తీసేస్తే టర్కీలో చావు తగిలే చోటు కమలాపండంత. ఒక అంగుళం తప్పితే మళ్లీ పోయినేటి కథే. "నా భుజం ఒక అంగుళం వణకదని నువ్వు రాసిస్తావా?" అని అడిగింది. నేను రాసివ్వలేదు.

మూడోది చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. నాలుగు పొడవాటి బ్లేడ్లు నాలుగు వైపులకి, మొత్తం అరచేతి వెడల్పు. బాణం మొనలా లేదు, చిన్న సీలింగ్ ఫ్యానులా ఉంది. దీన్ని ఒంటికి కొట్టరు. మెడకు కొడతారు. తగిలితే తల వేరు, మొండెం వేరు. కాస్త పైకి పోతే గాలికి తగులుతుంది.

"చూడు," అంది. "ఇది తగిలితే అక్కడికక్కడే పోతుంది. తగలకపోతే నడుచుకుంటూ ఇంటికి పోతుంది. మధ్యలో ఆస్పత్రి లేదు."

మధ్యలో ఉన్న జనం మధ్యే ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి ఆ మాట అంటుంటే ఏదైనా గంభీరంగా బదులివ్వాలేమో అనిపించింది. ఫ్యాను స్పీడు ఎంత ఆంటీ అని అడిగాను. వీపు మీద ఒకటిచ్చింది, ఎడమ చేత్తో.

ఆ మొనకు దాని తిప్పలు దానికున్నాయి. అంత వెడల్పుకు గాలి తగిలి బాణం దూరం పోతే వంకర తిరుగుతుంది. పది పన్నెండు అడుగుల లోపే వేయాలి, అంతకు ముందు కోడి మనల్ని చూడకూడదు. మామూలు సాధన మొనతో ప్రాక్టీసు చేస్తే లాభం లేదు, దీని నడక వేరు, దీంతోనే చేయాలి. మెడలాంటిదేదో కావాలి. ఆంటీ ఇండియన్ స్టోరుకు వెళ్లి సన్నటి లేత సొరకాయలు ఏరి తెచ్చింది. పొలంలో కర్ర పాతి ఒక్కోదాన్నీ నిలబెట్టేది. ముసలాయన వరండాలో కూర్చుని చూసేవాడు. బాణం పోయిన తర్వాత సగం సొరకాయ కర్ర మీదా సగం గడ్డిలోనూ ఉండేది, కోత బజ్జీలకు తరిగినంత నునుపుగా. మార్చి నెలంతా సొరకాయ పప్పు, సొరకాయ పచ్చడి, సొరకాయ పాలు పోసిన కూర. నేను వేట వల్ల శాకాహారిగా మారిన మొదటి మనిషినని చెప్పాను. తిని మాట్లాడమంది.

రోజూ ఆరు బాణాలే. ఆరోదానికి పెదవి కొరుక్కునేది. తర్వాత నాలుగయ్యాయి. నెలాఖరుకు రెండు. కార్లో సీటుబెల్టు నేను పెట్టేదాన్ని. ఆ పని చేసేటప్పుడు నా మొహంలోకి జాలి రాకుండా చూసుకోవాలి. వస్తే కనిపెట్టేసేది, దిగి నడుచుకుంటూ పోతానని బెదిరించేది.

సీజన్‌లో మూడు శనివారాలు ఏ కోడీ రాలేదు. నాలుగోది ఆఖరు, ఆ తర్వాత వారం వేట మూసేస్తారు. పొద్దున్నే అడవి అంచున చిన్న గుడారంలాంటి మరుగులో ఇద్దరం కూర్చున్నాం. ఎదురుగా పది అడుగుల్లో ప్లాస్టిక్ పెట్ట. నా బాధ్యత తుమ్మకుండా ఉండడం. ఆంటీ పలక మీద నాలుగుసార్లు గీసింది. దూరంగా పుంజు గడగడమంది. మళ్లీ గీసింది. పదిహేను నిమిషాల్లో చెట్ల మధ్య నుంచి వచ్చింది, తోక విసనకర్రలా విప్పుకుని, పెళ్లికి వచ్చి తనను ఎవరూ ఎదురెళ్లి పిలవలేదని అలిగిన బంధువులా.

పెట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అది వెనక్కి తిరిగి తోక మన వైపు పెట్టినప్పుడు దానికి మనం కనపడం. లాగాల్సింది అప్పుడే. ఆంటీ లాగింది. నేను కోడిని చూడలేదు, ఆవిడ భుజాన్ని చూశాను. సగం దాకా వచ్చి ఆగింది, వణికింది, మళ్లీ కదిలింది, పూర్తిగా వచ్చింది. పూర్తిగా లాగాక ఆ విల్లు తేలికవుతుంది, కానీ అక్కడి దాకా రావడానికే ఆవిడ దగ్గర ఉన్నదంతా అయిపోయింది. కోడి ఇటు తిరిగింది. మెడ ఎత్తింది. బాణం వెళ్లింది.

వెనకెక్కడో చెట్టుకు కొట్టిన చప్పుడు. కోడి అడుగెత్తు ఎగిరి పక్కకు దిగింది. ఈకలు ముడుచుకుని మా గుడారం వైపు ఒక్కసారి చూసి, పరుగెత్తితే పరువు తక్కువన్నట్టు నడుచుకుంటూ పొదల్లోకి పోయింది.

ఓదార్పు మాటలు రెండు నేను ముందే సిద్ధం చేసుకుని వచ్చాను. మొదటిది నోటి దాకా వచ్చింది.

"లే, వెతుకుదాం," అంది.

ఏం వెతకాలి, తలపై నుంచి పోయింది, నేను చూశానన్నాను.

"నువ్వు చూశావు. నేను చూడలేదు. వదిలేటప్పుడు నొప్పికి కళ్లు మూసుకున్నాను." విల్లు కింద పెట్టింది. పెట్టడం కాదు, చేతిలోంచి జారింది. "కళ్లు మూసుకుని వేశానే. రక్తం లేదని తేలాలి."

గంటన్నర వెతికాం. మోకాళ్ల మీద. కోడి దిగిన చోటు నుంచి మొదలుపెట్టి అది నడిచిన దారి వెంట, ఒక్కో ఆకు తిరగేస్తూ. జనం వేటలో రక్తం కనపడాలని వెతుకుతారు. మేం కనపడకూడదని వెతికాం. ఎర్రగా ఉన్న ప్రతిదీ మమ్మల్ని ఆపింది. ఒక మేపుల్ చిగురు, ఎవరో పారేసిన చాక్లెట్ కాగితం, ఆరుద్ర పురుగుకు చుట్టంలాంటి ఒక పురుగు. పురుగు దగ్గర ఆంటీ ఎక్కువసేపు ఆగింది. అది కదిలేదాకా నమ్మలేదు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది, ఎడమ చేత్తోనే ఆకులు తీస్తోంది. ఒకచోట చిన్న ఈక దొరికింది. ఆవిడ దాన్ని ఎండకు పెట్టి కాడ చూసింది, వాసన చూసింది, నా చేతికిచ్చింది. పాతదట, ఎప్పుడో రాలిందట. గట్టు మీద నుంచి పుంజు ఒకటి గడగడమంది. అదే అంది ఆంటీ. ఇంకోటేమో అన్నాను. ఈ అడవిలో నీ అంత అనుమానం మనిషి లేదంది. అయినా వెతకడం ఆపలేదు, కూత సాక్ష్యం కిందకు రాదట.

బాణం ఒక సీడర్ చెట్టు మొదట్లో బెరడుకు అడ్డంగా దిగి ఉంది. రెండు బ్లేడ్లు వంగాయి. నేను పీకాను. ఆవిడ జేబులోంచి తెల్ల టిష్యూ తీసి నాలుగు బ్లేడ్లూ ఒక్కొక్కటే తుడిచింది, తిప్పి తుడిచింది. టిష్యూ విప్పి చూసింది. చెట్టు జిగురు, కాస్త నాచు. ఇంకేం లేదు. నాకు చూపించింది. నేను చూశానన్నాను. దగ్గర నుంచి చూడమంది. ముక్కు ఆనేదాకా పెట్టుకుని చూశాను.

"ఒక్క చుక్క లేదు కదా?"

లేదన్నాను. ఈసారి జోకు ఏదీ రాలేదు.

ఆవిడ ఆ చెట్టుకు ఆనుకుని కూర్చుంది. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దగ్గర మట్టి. అంత విజయం కళ్లజూసిన మొహాన్ని నేను ఆఫీసులో ప్రమోషన్ వచ్చినవాళ్లలో కూడా చూడలేదు. ఉట్టి చేతులతో అడవిలో కూర్చున్న మనిషికి అది ఉండకూడదు, ఉంది. క్రాస్‌బో అయి ఉంటే పడేదేమో అని నేను అనలేదు. అనబోతున్నానని ఎలా తెలిసిందో, తర్జని చూపించింది.

"కళ్లు మూసుకున్నానంటే నా పని అయిపోయింది. క్లినిక్‌కి ఫోన్ చెయ్యి. భుజం కోసుకోమను."

శనివారం ఎవరూ ఉండరన్నాను. వాయిస్‌మెయిల్ పెట్టమంది. పెట్టాను. పేషెంట్ ఆపరేషన్‌కు సిద్ధంగా ఉందని ఇంగ్లీషులో చెబుతుంటే మోచేత్తో పొడిచింది, "కోడి క్షేమమని కూడా చెప్పు." అదీ చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం మేం ఆంటీ ఇంట్లో నిన్నటి ప్రేమవిందు గిన్నెలు తోముతుండగా క్లినిక్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తేదీ రాసుకుంది. కాస్త ఆగి, ఏ కోడి అని మర్యాదగా అడిగింది. ఆంటీ ఎడమ చేత్తో ఫోన్ లాక్కుని మొనల దగ్గర నుంచి మొదలుపెట్టింది.